రక్తం రాని చిగుళ్లు
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో ఒక గ్రూపు లీడరు చేసిన ప్రసంగం)

 

నాది గురజాల దగ్గర పల్లె. పదో తరగతి దాకా చదువుకున్నాను. ఏడేళ్ల నుంచి మా గ్రూపుకు లీడరుగా ఉంటున్నాను. ఇంతకుముందు ఈ మైకు ముందు నిలబడినప్పుడల్లా పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదాలు ఎన్ని కట్టాం అనే చెప్పాను. ఈసారి చుట్ట గురించి, చిగుళ్ల గురించి మాట్లాడతానంటే మా గ్రామ సంఘంలో నవ్వారు. "ఏందమ్మా, లెక్కలు వదిలేసి పళ్ల మీద పడ్డావు" అన్నారు. నవ్వినా పర్లేదు. మా ఇంట్లో నేను తెలియక చేసిన ఒక తప్పు ఉంది. అది ఇంకో ఇంట్లో జరగకూడదని ఈ ఐదు నిమిషాలు అడిగి తీసుకున్నాను.

మా అత్తమ్మ సంగతి మీకు చెప్పాలి. ఆమెను అడిగే చెబుతున్నాను. ఆమె పెళ్లయి వచ్చిన కొత్తల్లోనే చుట్ట అలవాటైందంట. మిరపకోతలకు పోయినప్పుడు పొద్దున పది గంటలకు గట్టు మీద కూర్చుని చుట్ట వెలిగిస్తే తప్ప ఆమెకు చేయి ఆడేది కాదు. అప్పట్లో ముఠాలో సగం మంది పెద్దాడోళ్లు అంతే. ఒకరి చుట్ట నిప్పుతో ఇంకొకరు అంటించుకునేవాళ్లు. పంటి నొప్పి వస్తే కూడా చుట్టే మందు. నొప్పి ఉన్న పక్కకు పొగ పట్టి కూర్చునేవాళ్లు. "చుట్ట తాగేదాని పళ్లు ఇనుప మేకులు" అనేది మా అత్తమ్మ.

నేను కాపురానికి వచ్చాక ఒక వింత చూశాను. నేను పళ్లు తోముకుంటే ఒక్కోసారి చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. అత్తమ్మకు ఒక్క చుక్క వచ్చేది కాదు. ఆమె చిగుళ్లు కొంచెం నల్లగా, గట్టిగా కనిపించేవి. "చూశావా మే, పేస్టుతో తోమే నీ చిగుళ్లు ఎట్టా ఉన్నాయో, చుట్ట తాగే నా చిగుళ్లు ఎట్టా ఉన్నాయో" అని ఎగతాళి చేసేది. నాకు కూడా అది నిజమే అనిపించేది. కళ్లకు కనిపించేది అదే గదా.

ఆరేళ్ల కిందట మా బాబు పుట్టాడు. పసివాడి దగ్గర చుట్ట వాసన వద్దని నేను పోరు పెట్టాను. అత్తమ్మ మనవడి కోసం మానేసింది. మొదటి వారం విసుక్కుంది, నిద్ర పట్టలేదంది, అయినా ముట్టుకోలేదు. సుమారు నెల గడిచాక ఒక రోజు పొద్దున వేపపుల్ల వేస్తూ ఉమ్మితే ఎర్రగా రక్తం. మర్నాడూ అంతే. ఆ పై వారమూ అంతే. ఆమె భయపడిపోయింది. నేనూ భయపడ్డాను. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి చూసి, "ముప్పై ఏళ్ల అలవాటు ఒక్కసారిగా మాన్పిస్తే ఒంట్లో వేడి చేసింది, చుట్టే ఆ పళ్లను కాపాడేది" అన్నారు. కోడలు అత్త నోరు పాడు చేసిందనే మాట కూడా నా చెవిన పడింది.

ఆ మాటకు తట్టుకోలేక ఆ వారం సంతలో నేనే పొగాకు కొన్నాను. నా చేత్తోనే తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె చుట్ట చుట్టుకుంది. కొన్ని రోజులకు రక్తం ఆగిపోయింది. ఇంటిల్లిపాదీ హమ్మయ్య అనుకున్నాం. అక్కలారా, నేను చేసిన తప్పు అదే. ఆ రోజు మేం ఆపింది రోగాన్ని కాదు, రోగం ఇస్తున్న కేకను ఆపాం.

తర్వాత మూడేళ్లకు ఆమె ముందుపళ్లు కదలడం మొదలైంది. చిగురు కిందికి జారి పళ్లు పొడుగ్గా కనిపించేవి. నోటి వాసన, చిగురు నొక్కితే చీము. ఊళ్లో నొప్పి బిళ్లలు ఇచ్చే ఆయన దగ్గర బిళ్లలు మింగుతూ ఏడాది గడిపాం. నాలుగు పళ్లు ఏ దెబ్బా తగలకుండా వాటంతట అవే ఊడి చేతిలోకి వచ్చాయి. పుచ్చు కూడా లేని పళ్లు! జామకాయ కొరకలేదు, మొక్కజొన్న కంకి తినలేదు, జొన్న రొట్టె నీళ్లలో నానబెట్టుకుని తినేది. ఇదే సమయంలో ఆమెకు షుగరు ఉందని కూడా బయటపడింది.

అప్పుడు ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే అక్కడి పళ్ల డాక్టరమ్మ చూసింది. "పెద్దమ్మా, చుట్ట తాగుతావా" అని మొదటి మాటే అడిగింది. నేను జరిగిందంతా చెప్పాను, మానితే రక్తం వచ్చిందని కూడా చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. ఆ కాగితం నా దగ్గర ఇప్పటికీ ఉంది. ఆమె చెప్పింది నాకు అర్థమైన రీతిలో మీకు చెబుతాను.

మన పళ్ల మీద రోజూ పాచి పడుతుంది. ఆ పాచి నిండా క్రిములే. సరిగ్గా తోమకపోతే అది గట్టిపడి గార అవుతుంది. ఆ క్రిములు పన్నుకూ చిగురుకూ మధ్య సందులోకి దిగుతాయి. అప్పుడు మన ఒళ్లు ఊరుకోదు. రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి, అవే మన కాపలావాళ్లు. క్రిములు దిగిన చోటికి రక్తనాళాలు విచ్చుకుంటాయి, ఆ దారిలో తెల్ల కణాలు వచ్చి క్రిములను మింగుతాయి. అందుకే చిగురు ఎర్రబడి వాస్తుంది, తోమితే రక్తం వస్తుంది. అంటే చిగురు నుంచి రక్తం రావడం "ఇక్కడ క్రిములు దిగాయి, చూసుకో" అని ఒళ్లు వేసే కేక. నాకు వచ్చిన రక్తం అదే. నేను బాగా తోముకుని, గార తీయించుకుంటే తగ్గిపోయింది.

పొగ తాగేవాళ్లలో ఏమవుతుంది? మనకు సాగర్ కుడి కాలువ తెలుసు గదా. మేజరు మీద తూము దించేస్తే కింద చేలకు నీళ్లు అందవు. పైన కాలువ నిండుగానే ఉంటుంది, చివరి పొలం ఎండిపోతుంది. పొగాకులోని నికోటిన్, పొగలోని మిగతా విషాలు చిగురులోని సన్న రక్తనాళాలను అట్లాగే చేస్తాయి. క్రిములు దిగినా ఆ నాళాలు విచ్చుకోవాల్సినంత విచ్చుకోవు. చిగురు ఎర్రబడదు, వాయదు, రక్తం రాదు. పైకి గట్టిగా, బాగున్నట్టు కనిపిస్తుంది. లోపల మాత్రం క్రిములు ఎముక దాకా దిగిపోతుంటాయి. మా అత్తమ్మ "ఇనుప మేకులు" అన్న చిగుళ్లు ఇవే.

ఇంకో సంగతి విని నేను ఆశ్చర్యపోయాను. పొగ తాగేవాళ్ల ఒంట్లో తెల్ల కణాలు తక్కువేమీ ఉండవంట. రక్తంలో ఇంకా ఎక్కువే ఉంటాయంట. కానీ పొగ వాటిని మొద్దుబారుస్తుంది. క్రిమి ఉన్న చోటికి సరిగ్గా పోలేవు, పోయినా సరిగ్గా మింగలేవు. క్రిములను చంపడానికి దాచుకున్న ఘాటైన రసాలను మాత్రం అక్కడ వదిలేస్తాయి. ఆ రసాలు పన్నును పట్టుకుని ఉన్న నరాల్లాంటి దారాలను, చిగురును తినేస్తాయి, ఎముక కూడా కరగడం మొదలవుతుంది. ఇది విన్నప్పుడు నాకు మన పల్నాటి యుద్ధం గుర్తొచ్చింది. గురజాల వాళ్లూ మాచర్ల వాళ్లూ ఒక ఇంటి బిడ్డలే. కారంపూడిలో కత్తులు దూసింది శత్రువు మీద కాదు, సొంత వాళ్ల మీద. ఏటా కారంపూడిలో వీరుల తిరునాళ్లకు పోయి మొక్కుకుంటాం గానీ ఆ యుద్ధంలో గెలిచిన సుఖం ఎవరికీ లేదు. పొగ తాగే నోట్లో జరిగేది అట్లాంటి యుద్ధమే. క్రిమి బతికే ఉంటుంది, మన ఎముకే కరిగిపోతుంది.

కాపలావాళ్లతో పాటు మన రక్తంలో యాంటీబాడీలు ఉంటాయి. క్రిమిని గుర్తుపట్టి దానికి ముద్ర వేసేవి అవే. చిగుళ్ల క్రిములను ఎదుర్కొనే కొన్ని రకాల యాంటీబాడీలు పొగ తాగేవాళ్ల రక్తంలో తక్కువగా ఉంటాయని పరిశోధకులు చూశారు. గాయం పూడ్చే కణాలు కూడా సరిగ్గా పనిచేయవు. అందుకే పొగ తాగుతూ గార తీయించుకున్నా, మందులు వాడినా, మానినవాళ్లకు తగ్గినంత బాగా తగ్గదు. ఒకసారి కరిగిన ఎముక దానంతట అది తిరిగి పెరగదు.

మరి మానేస్తే రక్తం ఎందుకు వచ్చింది? నన్ను ఏళ్ల తరబడి తొలిచిన ప్రశ్న ఇదే. డాక్టరమ్మ చెప్పిన జవాబు ఒక్కటే: తూము ఎత్తారు. పొగ ఆగాక రక్తనాళాలు మళ్లీ పనిలోకి దిగాయి. అంతకుముందు నుంచి లోపల ఉన్న రోగాన్ని ఒళ్లు అప్పుడు చూసింది, కేక వేసింది. లండన్‌లో కొంతమంది పొగ మానిన వాళ్లను చూసి 2003లో ఒక పరిశోధన అచ్చు వేశారంట. మానిన 4 నుంచి 6 వారాల్లోనే వాళ్ల చిగుళ్లలో రక్తం వచ్చే చోట్లు దాదాపు రెండింతలయ్యాయి. అదీ, ముందుకంటే పళ్లు శుభ్రంగా తోముకుంటూ ఉండగా! అంటే ఆ రక్తం చెడ్డ గుర్తు కాదు. ఒళ్లు తేరుకుంటున్న గుర్తు. ఆ నెలలో నేను చేయాల్సింది అత్తమ్మను పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోవడం. నేను సంతకు పోయాను.

కొన్ని లెక్కలు కూడా రాసిచ్చింది డాక్టరమ్మ. లెక్కలు లేకపోతే మన సభకు తృప్తి ఉండదు గదా. అమెరికాలో 1988 నుంచి 1994 దాకా జరిగిన జాతీయ ఆరోగ్య సర్వేలో 12 వేల మందికి పైగా పెద్దవాళ్ల నోళ్లు చూశారు. పొగ తాగని వాళ్లతో పోలిస్తే తాగేవాళ్లకు ఈ చిగుళ్ల జబ్బు ఉండే అవకాశం సుమారు 4 రెట్లు. ఆ జబ్బులో సగానికి పైగా ఇప్పుడు తాగుతున్న పొగ వల్ల, ఒకప్పుడు తాగిన పొగ వల్ల వచ్చిందేనని తేల్చారు. మంచి మాట ఏమంటే, మానిన వాళ్లలో ఏడాది గడిచేకొద్దీ ఆ ముప్పు తగ్గుతూ వచ్చింది. 11 ఏళ్లు దాటాక అసలు తాగని వాళ్లకు దాదాపు దగ్గరికి వచ్చేసింది. కాబట్టి "ఈ వయసులో మానితే ఏమొస్తుంది" అనే మాట తప్పు.

ఇది మగోళ్ల సంగతి అనుకోకండి. మన తెలుగు నేల మీద పొగాకు ఆడవాళ్ల నోటికి చేసిన చేటు పుస్తకాలకు ఎక్కింది. శ్రీకాకుళం, విశాఖ వైపు పల్లెల్లో ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుంటారు. శ్రీకాకుళం జిల్లాలో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్లు చూసి, అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మచ్చల గురించి 1971లో డాక్టర్లు పరిశోధన అచ్చు వేశారు. అంగిటి క్యాన్సరుకు, అడ్డపొగకు సంబంధం ఉంది. మా అత్తమ్మది మామూలు చుట్టే. కానీ చుట్ట ఎటు తిప్పి తాగినా, బీడీ అయినా, సిగరెట్టు అయినా చిగురుకు చేసేది చేటే. ఖైనీ, గుట్కా, పొగాకు కాడ నోట్లో పెట్టుకున్నా, పెట్టుకున్న చోట చిగురు జారిపోతుంది, క్యాన్సరు భయం ఎటూ ఉంది.

ఒక మాట గమనించండి. 2016 నుంచి బీడీ కట్ట మీద, సిగరెట్టు పెట్టె మీద 85 శాతం జాగాలో భయపెట్టే బొమ్మ వేస్తున్నారు. ఇంట్లో చుట్టుకునే చుట్టకు పెట్టె లేదు, బొమ్మ లేదు. సంతలో ఆకు కట్ట కొని తెచ్చుకుంటాం. ఆ బొమ్మ వేయాల్సింది ఇంట్లో ఉన్న మనమే, మన మాటతో.

పొగాకు పండించే వాళ్లు, ఆకు గుచ్చడానికి కూలికి పోయే వాళ్లు ఈ సభలో ఉన్నారు. పొగాకు బోర్డు ఆఫీసే మన గుంటూరులో ఉంది. ఎవరి కూడూ నేను తప్పుపట్టడం లేదు. ఆకు అమ్ముకుని బతకడం వేరు, ఆ ఆకును నోటికి మందు అనుకోవడం వేరు.

ఇక మా ఇంటి సంగతి. డాక్టరమ్మ ఆ రోజే చెప్పింది: "నేను గార తీస్తాను, మందులు ఇస్తాను. చుట్ట మానకపోతే నా పని సగం వృథా." ఇంకో మూడు పళ్లు తీసేయాల్సి వచ్చింది. మిగిలిన వాటిని శుభ్రం చేసింది. షుగరు, చిగుళ్ల జబ్బు ఒకదాన్ని ఒకటి పెంచుకుంటాయి కాబట్టి షుగరు మందు తప్పకుండా వేసుకోమంది. కట్టుడు పళ్లకు బయట అయిన ఖర్చుకు మా గ్రూపు నుంచి 15 వేలు అప్పు తీసుకున్నాను, పన్నెండు వాయిదాల్లో కట్టాను. ఆ డబ్బుతో ఒక మేకను కొనొచ్చు అని మా ఆయన అన్నాడు. నిజమే. ఆరేళ్ల కిందట ఒక్క పూట ఆసుపత్రికి పోయి ఉంటే ఆ మేక ఇంట్లో ఉండేది.

అత్తమ్మ మానడం అంత తేలిగ్గా జరగలేదు. రెండోసారి మానినప్పుడు కూడా మూడో వారంలో రక్తం వచ్చింది. ఈసారి నేను భయపడలేదు, ఆమెను భయపడనివ్వలేదు. పెదవి విరుచుకుంటూనే డాక్టరు దగ్గరికి వచ్చింది. నెలన్నరకు రక్తం తగ్గిపోయింది. కారంపూడి తిరునాళ్లలో పాత స్నేహితురాళ్లు కనిపిస్తే రెండు దమ్ములు లాగి వచ్చింది, ఇంటికొచ్చి తనే చెప్పింది. పోనీలే అత్తమ్మా, రేపటి నుంచి మళ్లీ మొదలుపెడదాం అన్నాను. ఇప్పటికి ఏడాదిన్నర అయింది, ముట్టుకోలేదు. పది గంటలకు చుట్ట గుర్తొచ్చినప్పుడు సోంపు గింజలు నోట్లో వేసుకుంటుంది. ఉన్న పళ్లు కదలడం ఆగింది.

మా గ్రామ సంఘంలో మేం నాలుగు మాటలు మినిట్సు పుస్తకంలో రాసుకున్నాం. మీ సంఘాల్లో కూడా రాసుకోమని కోరుతున్నాను.

ఒకటి. నెలకోసారి మీటింగులో పొదుపు లెక్క అయ్యాక, ఇంట్లో పళ్లు కదిలేవాళ్లు, చిగుళ్లు జారినవాళ్లు, చుట్టా బీడీ తాగేవాళ్లు ఎవరో అడగాలి. "రక్తం రావట్లేదు, బాగానే ఉంది" అంటే నమ్మి ఊరుకోకూడదు. పొగ తాగేవాళ్లయితే రక్తం రాకపోయినా పళ్ల డాక్టరుకు చూపించాలి.

రెండు. ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు ఏఎన్‌ఎమ్ గారు, ఆశా వచ్చి బీపీ, షుగరుతో పాటు నోరు కూడా చూస్తారు. ఆ రోజు "నాకేం లేదు" అని తప్పించుకోకుండా నోరు తెరిచి చూపించాలి.

మూడు. ఇంట్లో ఎవరైనా మానితే, కొన్ని వారాల్లో చిగుళ్ల నుంచి రక్తం రావచ్చని ముందే చెప్పాలి. వస్తే మెత్తటి బ్రష్షుతో తోముతూనే ఉండాలి, పళ్ల డాక్టరు దగ్గరికి పోవాలి. చుట్ట దగ్గరికి మాత్రం తిరిగి పోకూడదు. మానలేక ఇబ్బంది పడేవాళ్లకు ప్రభుత్వం పెట్టిన ఉచిత ఫోను ఉంది, 1800 11 2356. మా పక్కింటి తమ్ముడికి బీడీ మాన్పించడానికి నేనే కలిపి ఇచ్చాను.

నాలుగు. పెద్దవాళ్లకు చుట్ట తెచ్చిపెట్టే పని పిల్లలకు చెప్పకూడదు. నిప్పు తెమ్మని కూడా చెప్పకూడదు. మా ఇంట్లో అత్తమ్మ చుట్టకు నిప్పు తెచ్చే పని చిన్నప్పుడు మా ఆయనదే. ఆయనకు బీడీ అట్లాగే అలవాటైంది. అది మాన్పించే పని ఇంకా నడుస్తోంది, వచ్చే ఏడాది సభలో ఆ లెక్క చెబుతాను.

మా అత్తమ్మ ఈ రోజు సభకు వచ్చింది, మూడో వరుసలో కూర్చుంది. ఇందాక మధ్యాహ్నం భోజనాల దగ్గర కొత్త పళ్లతో వడ నమిలి తిన్నది, నేను చూశాను. తన నోటి సంగతి నలుగురిలో చెప్పమని ఒప్పుకున్నందుకు ఆమెకు ముందుగా దండం పెడుతున్నాను.